ఓరియన్ కోసం కొన్న 10×50 బైనాక్యులర్: పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది

చలికాలంలో ఓరియన్ (వేటగాడి ఆకారంలో ఉండే నక్షత్రరాశి) చూద్దామనే కొన్నా ఈ 10×50ని, అంటే పది రెట్లు దగ్గరగా చూపించే, ముందు లెన్సులు 50 మి.మీ. వెడల్పుండేదాన్ని, ఆన్‌లైన్‌లో, నాలుగు వేల లోపే. మొదటొచ్చిన పీస్ దండగ, ఓరియన్‌లోని రైగెల్ అనే నక్షత్రం మీద పెడితే ఒక్క చుక్క రెండుగా కనిపిస్తోంది, ఫోకస్ ఎంత తిప్పినా కలవదు, అంటే లోపల ప్రిజమ్ పక్కకి జరిగిందన్నమాట. రిటర్న్ పెడితే "అలవాటవుతుంది సార్" అంటూ నాన్చి నాన్చి మార్చారు. బాక్స్ విప్పిన రాత్రే చుక్క మీద టెస్ట్ చేస్కోండి, పగలు చెట్లని చూస్తే ఇది అంత తొందరగా బయటపడదు.

రెండో పీస్ బాగుంది. ముందు కుడి కన్ను మూసి మధ్య చక్రం, తర్వాత ఎడమ కన్ను మూసి కుడివైపు రింగు, రెండూ సెట్ చేశాక రైగెల్ సూదిమొనంత అయింది, నీలం కలిసిన తెలుపు. బెటల్‌గూజ్, అదే మన ఆర్ద్ర, దాని మీద ఫోకస్ కాస్త చెదరగొట్టి చూడండి, నారింజ రంగు ఇంకా బాగా తెలుస్తుంది. 2019 చివర్లో ఇది మసకబారితే పేలిపోతుందేమోనని ఎంత హడావిడి చేశారో, తీరా అది కక్కిన ధూళే అడ్డమొచ్చిందని తేల్చారు.

అసలు మజా ఆ వేటగాడి నడుం బెల్టు దగ్గర. మూడు చుక్కలూ ఒకేసారి పట్టేస్తాయి, వాటి మధ్యలో ఉత్త కంటికి కనపడని చిన్న చుక్కలు బోలెడు. దాని కింద వేటగాడి కత్తిలో ఉండేదే ఎం42 నెబ్యులా, అంటే వాయువు, ధూళి కలిసిన మేఘం, దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరం, కొత్త నక్షత్రాలు పుట్టే చోటు. సిటీలో మా టెర్రస్ మీంచి చిన్న మసక మచ్చ అంతే, అదే సంక్రాంతికి ఊరెళ్ళి కరెంటు పోయినప్పుడు చూస్తే అద్దం మీద ఊపిరి వదిలినట్టు రెండు పక్కలా పరుచుకుని ఉంది, పక్కింటి పిల్లలు లాక్కుని మరీ చూశారు. రంగులు మాత్రం ఆశించొద్దు, ఫోటోల్లో ఉండే గులాబీ మన కంటికి అందదు, బూడిద రంగే. మధ్యలోని ట్రపీజియం నాలుగు చుక్కలు విడివిడిగా కావాలంటే టెలిస్కోపే. ఓరియన్‌లోనే ఉండే గుర్రం తల నెబ్యులా సంగతి మర్చిపోండి, దీనికి అందదు.

మెడ మాత్రం పట్టేస్తుంది. జనవరిలో రాత్రి ఏడింటికి ఓరియన్ తూర్పున వాటంగా ఉంటుంది గానీ పదింటికల్లా దాదాపు నడినెత్తికొచ్చేస్తుంది, అప్పుడు ట్రైపాడ్ కూడా వేస్టు, మంచం వేసుకుని వెల్లకిలా పడుకోవడమే. చెయ్యి వణుకు కూడా తగ్గుతుంది. ఇదే రేటుకి 20-180 జూమ్ అని అమ్మేవాటి జోలికి పోకండి, చీకటి బొమ్మ తప్ప ఏం రాదు.

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఒకటి కోసింది ముందు లెన్స్ క్యాపులకి, ముట్టుకుంటే ఊడిపోతున్నాయి, ఒకటి ఆల్రెడీ మేడ మీంచి కింద పడి పోయింది.