చేర్యాల, హన్మకొండ, నిర్మల్: పాత బొమ్మల వేటలో మా ప్రయాణం

పాత పటమో (కథ చెప్పడానికి గుడ్డ మీద వేసిన బొమ్మల చుట్ట), చెక్క మీద చిత్రమో కొనాలనుకునేవాళ్లు ముందు దుకాణాల చుట్టూ తిరక్కండి. అలాంటివి వేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, తర్వాత బేరానికి వెళ్లండి. మా అక్కా నేనూ ఈ వరసే పెట్టుకున్నాం. అందువల్లే కొన్నిచోట్ల డబ్బు పారేసుకోకుండా బయటపడ్డాం.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వచ్చి జనగామలో దిగితే చేర్యాలకు బస్సు దొరుకుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. నకాశీ పని చేసే, అంటే ఈ పటాలు వేసే కుటుంబాలు కొన్నే మిగిలాయి. ఇల్లే వాళ్ల పనిచోటు కాబట్టి ముందుగా ఫోన్ చేసి వెళ్లడం మర్యాద. మమ్మల్ని కూర్చోబెట్టి గుడ్డ తయారీ దగ్గర్నుంచి చూపించారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, చెట్టు జిగురు కలిపిన పూత పూసి ఆరబెడతారు. దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు గీసి, వాటి చుట్టూ నేపథ్యమంతా ఎర్రరంగు నింపుతారు. పాత పద్ధతిలో రంగులు కూడా జిగురు నీళ్లతో కలిపినవే.

ఈ సంగతి తెలిశాక, తుడవడం గురించి విడిగా ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అయినా ఆ ఇంటి పెద్దాయన చెప్పాడు: "తడిబట్ట పెట్టిన్రనుకో, రంగు దానెంబడే లేచొస్తదమ్మా. దుమ్మున్నా బొమ్మ బతుకుతది." గంజి, చింతపిండి ఉన్నాయి కాబట్టి పురుగులకూ ఈ పటమంటే ఇష్టమే. కొనేముందు అంచులు, వెనకవైపు చూడాలి. కొరికిన గుంటలుంటే ఆ పటాన్ని ఇంట్లో మిగతా బొమ్మల పక్కన పెట్టకూడదు.

అసలైన పాత పటాలు ఎందుకంత అరుదో కూడా అక్కడే అర్థమైంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గౌడ పురాణం చెప్పే గౌడజెట్టీలు, ఇలా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు వేరే ఉండేవారు. గజాల పొడవున్న పటాన్ని ఒక్కో భాగం విప్పి చూపిస్తూ కథ నడిపేవారు. పటం చిరిగిపోతే కొత్తది వేయించుకుని, పాతదాన్ని పూజ చేసి నీళ్లలో కలిపేవారు. అందుకే "వందేళ్ల పటం" అని ఎవరైనా ఫ్రేము చూపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. నిజంగా వాడిన పటానికి చుట్టి విప్పిన చోట అడ్డంగా పగుళ్లుంటాయి. మురికి ఒక్కచోట ఎక్కువ, ఒక్కచోట తక్కువగా ఉంటుంది. ఫ్రేము కింద దాగిన అంచు మాత్రం కాస్త ప్రకాశంగా ఉంటుంది. టీ డికాక్షన్‌తో పాతదనం తెచ్చినవాటికి మరక అంతటా ఒకేలా పాకుతుంది. కన్ను అలవాటు పడాలంటే హైదరాబాద్‌లోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం సేకరణలోని తెలంగాణ పటాలను చూడండి.

బసకు హన్మకొండే మేలు. కాజీపేట స్టేషన్ దగ్గర మేం దిగిన లాడ్జి గోడ చెమ్మగా ఉండి, కొన్న బొమ్మ పెట్టడానికి చోటే లేకపోయింది. హన్మకొండలో గది పొడిగా, గాలి ఆడుతూ ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికీ వెళ్లొచ్చాం.

సెకండ్ హ్యాండ్ ఫర్నిచర్ దుకాణాల్లో దొరికినవి ఎక్కువగా అచ్చు బొమ్మలే. రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్సులో అచ్చయిన దేవుళ్ల బొమ్మలని చెప్పి అమ్ముతున్నారు. భూతద్దం తీసుకెళ్లండి. చుక్కలు వరసలో బారులు తీరి ఉంటే అది ఆ ప్రెస్సు రాతి అచ్చు కాదనుకోవచ్చు. రాతి అచ్చులో రేణువులు చెదిరినట్టుంటాయి. కుంచె గీతలు, రంగు ఎత్తుపల్లాలు కనిపిస్తే అది చేత్తో వేసింది కావచ్చు.

ఒక ఫ్రేముల షాపులో మాత్రం మనసు చివుక్కుమంది. అక్క కొన్న బొమ్మ అద్దం మీద నేరుగా స్ప్రే కొట్టారు. ద్రవం ఫ్రేము సందులోంచి లోపలికి దిగి కింది అంచున మరక పడింది. తుడిచే మందును బట్ట మీద చల్లాలి, అద్దం మీద కాదు. ఇంకో షాపులో అడగకుండానే అద్దానికీ బొమ్మకూ మధ్య పట్టీ వేసి ఖాళీ వదిలారు. బొమ్మ అద్దానికి అంటుకోకుండా ఉండాలంటే ఆ ఖాళీ కావాలి. ఇప్పటికే అంటుకుని ఉంటే లాగకండి, ఫ్రేముతోనే ఉంచండి.

పాత బొమ్మను శుభ్రం చేయడానికి ఇంట్లో చేయదగ్గది తక్కువే. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి: పాత ఎరుపులో ఇంగిలీకం అనే ఖనిజం ఉంటే అందులో పాదరసం, పసుపులో హరిదళం అనే ఖనిజం ఉంటే అందులో ఆర్సెనిక్ ఉంటాయి, రెండూ విషాలే. టార్చి పక్కనుంచి వేసి చూడాలి. రంగు పొరలు లేచి ఉంటే అక్కడితో ఆపేయాలి. పొరలు లేవకుండా ఉంటేనే మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి ఒత్తకుండా దులపాలి. బూజు పట్టిందాన్ని ఆరుబయటే ముట్టుకోవాలి. బంగాళాదుంప, బ్రెడ్డు, నిమ్మరసం, స్పిరిట్ ఏవీ వద్దు. విలువైనదైతే మ్యూజియాల్లో పనిచేసే పరిరక్షకుల సలహా అడగండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో అలాంటి ప్రయోగశాల ఉంది.

కరీంనగర్, జగిత్యాల మీదుగా నిర్మల్ చేరాం. ప్రయాణం విసుగే. ఇక్కడి బొమ్మలకు చెక్క ఆధారం, నల్లటి నేపథ్యం, బంగారు వన్నె. గట్టి పెయింటు కాబట్టి చేర్యాల పటమంత సున్నితం కాదు. అయినా పొడి మెత్తటి బట్ట చాలు, బంగారు వన్నె ఉన్నచోట రుద్దకూడదు. చెక్క వెనక చెదల మట్టి, చిన్న చిల్లులు చూసుకోవాలి. కొత్తది కొనాలనుకుంటే నిర్మల్‌కు రండి. పాతదాని కోసమే అయితే ఇంత దూరం అక్కర్లేదు.

పటం బస్సులో తెచ్చేటప్పుడు మడవకండి. రెండు అట్టల మధ్య పలుచటి నూలు గుడ్డ చుట్టి, బల్లపరుపుగా పెట్టుకోండి. డిక్కీలో వేయనివ్వకండి. మేం ఒళ్లోనే పెట్టుకుని వచ్చాం.