జోర్డాన్ సెట్‌లో షేర్ ఇస్తానంటూ తిరిగే ‘అన్న’తో జాగ్రత్త

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. మన డాలస్‌లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు కొని దాచుకునే బ్యాచ్‌లో అందరికీ తెలిసిన అన్న. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. కార్డుల షో ఎక్కడ జరిగినా మూల టేబుల్ ఆయనదే. ఇంటికెళ్తే బిర్యానీ, "మనవాళ్లకి మనవాళ్లం కాకపోతే ఇంకెవరు తమ్ముడూ" అనే డైలాగు. ఆ అన్నే.

1986 నాటి ఫ్లీర్ కంపెనీ బాస్కెట్‌బాల్ కార్డుల ఫుల్ సెట్ అమ్ముతానన్నాడు. 132 కార్డులు, వాటితో పాటు 11 స్టిక్కర్లు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదని ఆరుగురం తలా 800 వేసుకున్నాం, మొత్తం 4,800 డాలర్లు. రెండు నెలలకొకరి ఇంట్లో ఉండేలా వంతులు రాసుకున్నాం, అచ్చం చిట్టీ లాగే. మా నాన్న తెనాలిలో చిట్టీ కట్టి మునిగితే అమ్మ గాజులు అమ్ముకుంది. ఆ ఇంట్లో పుట్టి కూడా నాకు బుద్ధి రాలేదంటే ఎవర్ననాలి? డబ్బులు జెల్‌లో (బ్యాంకు నుంచి నేరుగా ఫోన్లో డబ్బు పంపే పద్ధతి) కొట్టమన్నాడు. కొట్టేశాం. రసీదు అడిగితే ఎక్కడ చిన్నబుచ్చుకుంటాడోనని మొహమాటం ఒకటి.

మిగతావన్నీ ఆల్బమ్‌లో పెట్టిచ్చాడు. 57వ నంబరు, అంటే మైకేల్ జోర్డాన్ రూకీ (ఆటగాడి తొలి కార్డుగా లెక్కేసేది), మాత్రం విడిగా, నాలుగు మూలలా స్క్రూలు బిగించిన మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చాడు. "విప్పమాకండి తమ్ముడూ, అంచుల రంగు రాలిపోద్ది" అని నొక్కి చెప్పాడు. 86 ఫ్లీర్ అంచులు ముట్టుకుంటే పెచ్చులూడతాయన్నది నిజమే కదా, అందుకే నమ్మాం. ఆ డబ్బా ఫ్రేము కార్డు నాలుగంచుల్నీ కప్పేస్తుందన్న సంగతి ఆరుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లలో ఒక్కడికీ తట్టలేదు. యూట్యూబర్ లోగన్ పాల్ 3.5 మిలియన్ డాలర్లు పోసి పోకిమాన్ కార్డులని కొంటే, 2022లో విప్పి చూసేసరికి పెట్టెల్లోంచి జీఐ జో బొమ్మల కార్డులు ఊడిపడ్డాయి, గుర్తుందా? అప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

వంతుల్లో మూడోది నాది. గ్రేడింగ్ చేయిద్దామని అందరం అనుకుని, డబ్బా మొదటిసారి విప్పి, కార్డు అసలుదో కాదో చూసి గ్రేడ్ ఇచ్చే పీఎస్ఏ అనే కంపెనీకి పంపాం. గ్రేడ్ రాలేదు. "ఎవిడెన్స్ ఆఫ్ ట్రిమ్మింగ్" అని రాసి వెనక్కి పంపారు. అంచులు కోసిన కార్డు.

ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద ఆల్బమ్‌లోంచి ఓ ఇరవై కార్డులు తీసి, మధ్యలో జోర్డాన్‌ని పెట్టి, కట్టగా నిలబెట్టి పైనుంచి వేలు పోనిచ్చాను. దువ్వెనలో పన్ను విరిగిన చోట తగిలినట్టు 57 దగ్గర వేలు దిగింది. పక్క కార్డుల అంచులు పాత శుభలేఖల్లా మాసిపోయి ఉంటే, దాని పై అంచు ఒక్కటే నిన్న కోసిన కాగితంలా తెల్లగా ఉంది. రెండు నిమిషాల పని. నాలుగు నెలల క్రితం ఆయన ఎదురుగానే చేసి ఉండాల్సిన పని. బార్క్లీ, యూయింగ్, ఒలాజువాన్ రూకీలు ఉన్నాయిగా అని ఓదార్చకండి. ఆ సెట్‌లో డబ్బంతా ఎవరి బొమ్మ మీద ఉంటుందో మీకూ తెలుసు.

పోనీ, ఆయన కూడా ఎవరి దగ్గరో మోసపోయి ఉంటాడులే అనుకుంటూ శనివారం ఇద్దరం వాళ్లింటికెళ్లాం. నిజంగా అలాగే అనుకున్నాం. గరాజ్ తలుపు సగం లేచి ఆగింది. ముందు చెప్పులు కనపడ్డాయి, తర్వాత వంగి చూస్తూ మొహం. లోపల్నుంచి గారెల వాసన. లోపలికి రమ్మనలేదు. పీఎస్ఏ వాళ్ల కాగితం చూపిస్తే చేత్తో కూడా తీసుకోలేదు.

"నేనిచ్చినప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో! మీలో ఎవడు కోశాడో మీరే తేల్చుకోండి."

మావాడు, పాపం, "అదేంటన్నా అలా అంటావు" అన్నాడు.

"అన్నా అని పిలిస్తే వారంటీ వస్తుందా?"

బటన్ నొక్కాడు. మేమింకా నిలబడే ఉన్నాం, తలుపు కిందికి దిగిపోయింది.

సరే, మొహం మీద తలుపేసినవాణ్ణి తిట్టుకుంటే సరిపోతుంది. నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. తిరిగొస్తుంటే కారులో చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. టోల్‌వే దిగుతుండగా మావాడు మెల్లగా అడిగాడు, "నీ దగ్గరికి రాకముందు అది ఎవరింట్లో ఉందిరా?" అని. పదకొండేళ్ల స్నేహాలు మావి. ఒక్క మాటతో ఆ అన్న మా ఆరుగురినీ దొంగల్ని చేసి వదిలాడు మహానుభావుడు. ఇవాళ పొద్దున ఇంకొకడు ఫోన్ చేసి, నేను డబ్బా విప్పేటప్పుడు వీడియో ఏమైనా తీశానా అని అడిగాడు. తీయలేదు. తీయాలని తట్టలేదు, నాది తప్పే.

బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరంతట మీరే పంపారు కదా సార్, జెల్‌లో కొన్నవాటికి మేం పూచీ ఉండం అన్నారు. పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద కట్టి ఉంటే కనీసం కేసు వేయడానికైనా ఉండేది. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ అంటే మళ్లీ ఇదే కథ.

ఆ, కొనేవాళ్లకి ఒక మాట. స్క్రూల డబ్బాలో కార్డు ఇస్తే అమ్మేవాడి చేతే, అక్కడికక్కడే విప్పించండి. రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు ఉందో లేదో కొలవండి, అదే సెట్ కార్డుల మధ్య పెట్టి చూడండి. విప్పనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, బిర్యానీ తిన్నా సరే.

వచ్చే వారం షోలో మళ్లీ టేబుల్ వేస్తున్నాడట. ఈసారి టాప్స్ కంపెనీ 1980 కార్డు, లారీ బర్డ్, మ్యాజిక్ జాన్సన్ ఒకే కార్డు మీద ఉండేది, ఎనిమిది షేర్లట. అందులో మూడు ఇప్పటికే అయిపోయాయని విన్నాను. ఆ ముగ్గురూ ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి.