గుడ్డ గ్రో బ్యాగులు: నెల్లూరు మిద్దె మీద నాలుగేళ్లు, ఒంగోలు డాబా మీద ఏడాదిన్నర

2020 లాక్‌డౌన్‌లో అందరూ మిద్దెతోటలు వేస్తుంటే నేనూ ఇరవైనాలుగు జియో ఫ్యాబ్రిక్ గ్రో బ్యాగులు, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే గుడ్డ సంచులు, తెప్పించాను. ఎవరడిగినా "కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని చెప్పేదాన్ని. నా మాట విని కొన్నవాళ్లు ఇది కూడా చదవాలి.

వీటి గొప్పంతా గాలాడటంలోనే ఉంది. నెల్లూరుకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మా ఊరిని ముంచెత్తింది. పక్కింటి ప్లాస్టిక్ బకెట్లలో వంగమొక్కలు నీళ్లలో నానిపోయి తలలు వాల్చేశాయి. నా సంచులు నాలుగు పక్కలా నీళ్లు వదిలేసి మూడోరోజుకి మామూలైపోయాయి. కాపు అయిపోయిన మొక్క పీకితే వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉండవు, గుడ్డ దాకా వచ్చి ఆగి పక్కలకి చీలి ఉంటాయి. అది చూసే మురిసిపోయాను.

2024 మే నెలలో మావారికి బదిలీ. మొక్కలు పీకేసి, మట్టి ఎండనిచ్చి, చెరోవైపు చెవి పట్టుకుని టాటా ఏస్‌లోకి ఎక్కించాం. రెండింటికే చెవులు ఊడాయి. (దించేటప్పుడు ఇంకో మూడు. ఎండకి దారం పొడైపోయింది, కుట్టు పోయాక గుడ్డ గట్టిదైతే ఏం లాభం?)

ఒంగోల్లో మళ్లీ మొదటినుంచీ. ఎరువు కలిపి బెండ, చిక్కుడు, టమాటా, గోరుచిక్కుడు పెట్టాను. మొలకలు బాగానే వచ్చాయి. నెల తిరిగేసరికి చిక్కుడాకుల అంచులు అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడాయి. ఎండనుకుని నీళ్లు రెండుపూటలా పోశాను. ఇంకా మాడాయి. తెగులేమోనని వేపనూనె కొట్టాను, పుల్లటి మజ్జిగ కొట్టాను. ఒకరోజు సంచి పక్కన కూర్చుని కలుపు తీస్తుంటే నల్లగుడ్డ మీద సున్నం వేసినట్టు తెల్లటి చార కనపడింది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

కింద ఇంటి ఓనరు పిన్నిగారిని పిలిచి చూపిస్తే, "మా బోరు నీళ్లతో పప్పే ఉడకదు, నువ్వు మొక్కలకి పోస్తన్నావా అమ్మాయ్?" అన్నారు. ఫిల్టరు బాగుచేయడానికొచ్చిన అబ్బాయి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపించేది) పెడితే బోరు నీళ్లకి 1,900, కుళాయి నీళ్లకి 310 చూపించింది.

తర్వాత అర్థమైంది. ప్లాస్టిక్ కుండీలో నీళ్లు ఎక్కువగా పైనుంచే ఆవిరవుతాయి. గుడ్డ సంచిలో చుట్టూతా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మట్టిలోనూ గుడ్డలోనూ మిగిలిపోతుంది. తొందరగా ఆరిపోతుంది కదా అని మళ్లీ పోస్తాం, దాంతోపాటు మళ్లీ ఉప్పు. నెల్లూరులో నేను పొగిడిన గుణమే ఇక్కడ నా చిక్కుడుని తినేసింది. గోరుచిక్కుడు మాత్రం ఏమీ పట్టనట్టు గుత్తులు గుత్తులుగా కాసింది, ఉప్పుకి ఓర్చుకునే జాతట. పాలకూర కూడా ఫర్వాలేదు.

ఇప్పుడు కుళాయి నీళ్లు రెండురోజులకోసారి వచ్చినప్పుడు డ్రమ్ముకి పట్టి, సంచి అడుగునుంచి ధారగా కారేదాకా పోస్తున్నాను. ఆ నీళ్లకి స్లాబు చెమ్మెక్కుతుందని పిన్నిగారి గొడవ, అందుకని సంచుల కింద ఇటుకలు పెట్టాను. మధ్యాహ్నం ఎండ తగిలే వరసకి ఖాళీ యూరియా గోతాలు కడిగి చుట్టాను. గాలాడుతుందని డబ్బులు పెట్టి కొన్న సంచికి గోతం చుట్టడమేంటని మావారు నవ్వుతారు, నిజమే.

మంచినీళ్ల వసతి ఉండి, వానలు గట్టిగా పడేచోట ఉంటే ఇవి కొనొద్దని చెప్పలేను. ఐదేళ్లు దాటినా గుడ్డ చిరగలేదు. బోరు నీళ్లే దిక్కయితే, కొనేముందు మీ నీళ్లు ఒక గిన్నెలో పోసి ఎండబెట్టి, అడుగున ఏం మిగిలిందో చూసుకోండి. నాకైతే పాతవి ఉన్నాయి కాబట్టి వాడుతున్నాను, కొత్తవి కొనను. చిక్కుడుని మాత్రం ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చాను. తీగ పిట్టగోడ దాటింది, పూత ఇంకా రాలేదు.