నిరంపల్లి కవరు మొక్క: కొనేముందు ఆకును వెలుతురుకు పట్టి చూడండి

సూదుల్లాంటి ఆకులు లేవు, నలిపితే దేవదారు వాసనా రాదు. అయినా ఇది పైన్, దేవదారుల వర్గానికే చెందిన కోనిఫర్. దక్షిణ భారతదేశపు అడవుల్లో సహజంగా పెరిగే కోనిఫర్ ఇదొక్కటే. కేరళలో నిరంపల్లి అంటారు. శాస్త్రీయ నామం నాగేయా వాలిచియానా. నర్సరీ చీటీ మీద పోడోకార్పస్ వాలిచియానస్ అని ఉంటే కంగారుపడొద్దు, అది దీని పాత పేరే. మన సరుగుడును చాలామంది ఈ వర్గంలో చేరుస్తారు గానీ అది పూలు పూసే చెట్టు. శేషాచలం కొండల పేరిత కూడా కోనిఫర్లలాగే వివృతబీజమే (గింజ కాయలో మూసుకోకుండా బయటికే ఉండే మొక్క), అయినా అది సైకస్ అనే వేరే వర్గం, కోనిఫర్ కాదు.

ఈ సమీక్ష గింజ నుంచి పెంచిన, అడుగున్నర ఎత్తు కవరు మొక్క గురించి. దీని అందమంతా ఆకులోనే ఉంది. ముదురాకుపచ్చ రంగు, తోలు మందం, నూనె రాసినట్టు మెరుపు. మామూలుగా నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవు, లేత మొక్కల్లో ఇంకా పెద్దవి. ఆకులు ఎదురెదురు జతలుగా పుట్టినా, తొడిమ దగ్గర మెలిక తిరిగి కొమ్మకు రెండు వైపులా ఒకే తలంలో పరుచుకుంటాయి. ఒక ఆకును ఎండకు అడ్డంగా పట్టుకోండి. మామిడాకులోలా నడిమి ఈనె ఉండదు. మొదలు నుంచి కొస దాకా సన్నటి ఈనెలు పక్కపక్కనే సాగి, చివర దగ్గరకు చేరతాయి. ఆ ఈనెల వెంట నిలువుగా చీలిస్తే ఆకు తేలిగ్గా చీలుతుంది. అడ్డంగా లాగితే మొండికేస్తుంది.

మోసం జరిగేదీ ఇక్కడే. పోడోకార్పస్ పేరుతో అమ్మే సన్నాకు మొక్కలకు నడిమి ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. అది వేరే మొక్క, కంచెగా బాగుంటుంది, అరుదైనదేమీ కాదు. అగాథిస్ అనే మరో కోనిఫర్‌తో పొరబాటు పడటం ఇంకా సులువు, ఎందుకంటే దాని ఆకుకూ నడిమి ఈనె ఉండదు. అగాథిస్ కొమ్మను గీస్తే జిగురు ఊరుతుంది, కొన మొగ్గ గుండ్రంగా పొలుసులు కప్పుకుని ఉంటుంది. జపాన్ నాగి నిరంపల్లికి స్వయానా దాయాది. నాగి ఆకు బాగా చిన్నది. కాయ కాస్తే సందేహం పూర్తిగా తీరిపోతుంది: నిరంపల్లి గింజ కింద తొడిమ ఉబ్బి కండపడుతుంది, నాగికి అలా ఉండదు.

కవరు విప్పగానే చాలామంది బెంబేలెత్తేది వేర్లు చూసి. పీచు వేర్ల పొడవునా పూసలు గుచ్చినట్టు చిన్న బుడిపెలుంటాయి. టమాటా, వంగ వేర్లలో నులిపురుగు బుడిపెలు చూసిన కళ్లకు ఇదీ తెగులులాగే కనిపిస్తుంది. కాదు. నిరంపల్లి చేరే పోడోకార్పస్ కుటుంబపు మొక్కలకు ఆ బుడిపెలు సహజం, మొక్కకు మేలు చేసే శిలీంధ్రం వాటిలో ఉంటుంది. మందు పోసి దాన్ని చంపుకోవద్దు, వేర్లు కడగొద్దు, మట్టిగడ్డతోనే కుండీలోకి దించండి.

పది అంగుళాల కుండీ చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన ఆకు ఎరువు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు కలపండి. నల్లరేగడి వద్దే వద్దు, నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. బూడిద, గుడ్డు పెంకుల పొడి కూడా వద్దు. ఇది పుల్లటి అడవి మట్టిలో పుట్టిన మొక్క, సున్నం పడదు. హైదరాబాద్‌లోనైనా కోస్తాలోనైనా ఎక్కువగా దెబ్బతీసేది ఎండకన్నా బోరు నీళ్లు. ఉప్పు, సున్నం పేరుకుని కొత్త చిగురు పసుపెక్కుతుంది, పాత ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. అది ఇనుము అందకపోవడం. నత్రజని తక్కువైందని యూరియా వేస్తే పని మరింత చెడుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి, పది రోజులకు మరోసారి. వాన నీళ్లు పట్టి ఉంచుకుని పోస్తే ఈ అవస్థే ఉండదు.

పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీళ్లు పోయాలి. మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్‌నెట్ కింద, వడగాలి తగలని చోట పెట్టండి. ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయంటే గాలిలో తేమ చాలడం లేదని అర్థం. పొలుసు పురుగు కనిపిస్తే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆకు నునుపు కాబట్టి పెద్ద కష్టం కాదు.

పెరుగుదల చాలా మెల్లగా ఉంటుంది. ఏడాదిలో నీడ కావాలనుకునేవారు దీని జోలికి పోవద్దు. అడవిలో మహావృక్షమయ్యేది ఇదే, కాకపోతే దానికి తరాలు పడుతుంది. పడమటి కనుమల్లో అగస్త్యమలై వంటి చోట్ల తడి అడవుల్లో అక్కడక్కడే మిగిలింది. అటు ఈశాన్య రాష్ట్రాల నుంచి న్యూగినీ దాకా విస్తరించి ఉంది కాబట్టే ప్రపంచం మొత్తం మీద చూస్తే ప్రమాదంలో లేదు. మన కనుమల్లో మాత్రం మిగిలింది కొద్దే, అందుకే గింజ మొక్కేనా అని గట్టిగా అడగాలి. కాండం ముదిరి, తల్లివేరు నరికి, కవరులో బిగుసుకుపోయిన అడవి మట్టి ఉంటే అది పీకి తెచ్చిన మొక్క. ఎంత చవకైనా వదిలేయండి. అలాంటివి బతకడమూ కష్టమే.

మగ, ఆడ చెట్లు వేరువేరు. కవరు మొక్కను చూసి అది మగదో ఆడదో ఎవరూ చెప్పలేరు, చెప్పగలమన్నవాళ్ల మాట నమ్మొద్దు. కాయలు చూడాలనుంటే నాలుగైదు మొక్కలు కలిపి నాటాలి. దానికి బాల్కనీ చాలదు. అరకు వైపు కాఫీ తోటల్లో, సిల్వర్ ఓక్ నీడలో చోటున్నవారికి మాత్రం ఈ మొక్కను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాం.