ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ కిట్: రాతి మీద మొలిచిన పేరు తెలియని కోరల్‌ని పట్టిస్తుందా?

రీఫ్ ట్యాంక్‌లో (కోరల్స్ అంటే పగడపు జీవుల్ని పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) ఎవరూ పెట్టని పాలిప్ (కోరల్‌లోని ఒక్కో బుల్లి జీవి) ఒకటి రాతి మీద తలెత్తితే, ముందు చూడాల్సింది రంగు కాదు, టెంటకిల్స్, అంటే నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటి తీగలు. 3 మిల్లీమీటర్ల పాలిప్‌లో అవి వట్టి కంటికి ఆనవు. 15ఎక్స్ లెన్స్, +10 డయాప్టర్ (లెన్స్ శక్తికి కొలత) లెన్స్, పసుపు, ఆరెంజ్ ఫిల్టర్లతో వచ్చే ఈ క్లిప్ కిట్ ఆ ఒక్క పనికి కొన్నా దండగ కాదు.

అసలు పనికొచ్చేది మాత్రం +10. 15ఎక్స్‌కి వస్తువు దాదాపు 16 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ట్యాంక్ అద్దం మందమే 10–12 మిల్లీమీటర్లు ఉంటే ఇంకేం మిగులుతుంది? అద్దానికే అంటుకున్న బుల్లి పోసిల్లోపోరా కోరల్‌కి తప్ప అది అక్కరకు రాదు. +10 అయితే అద్దం నుంచి 6–10 సెంటీమీటర్ల లోపలున్న రాయి కూడా స్పష్టంగా దొరుకుతుంది.

ఫొటోకి ముందు పంపులు 10 నిమిషాలు ఆపండి. లెన్స్‌ని అద్దానికి తిన్నగా ఆనించాలి. కాస్త ఏటవాలైనా అంచుల్లో రంగులు చెదురుతాయి. ఫోన్‌లో ఆటో మాక్రో ఆపేయండి. లేకపోతే దగ్గరికి వెళ్లగానే ఫోన్ వేరే కెమెరాకి మారిపోతుంది, క్లిప్ పెట్టి లాభం ఉండదు.

ఇప్పుడు టెంటకిల్స్ లెక్కపెట్టండి. ఎనిమిదే ఉండి, ఒక్కొక్కటి ఈకలా రెండు వైపులా చీలి ఉంటే అది ఆక్టోకోరల్. కింద ఊదారంగు చాప పరుచుకుని ఉంటే స్టార్ పాలిప్ అనుకోవచ్చు. పంపు ఆగినా గుప్పిట మూసి తెరిచినట్టు కదులుతుంటే జీనియా. నున్నటి పళ్లెం చుట్టూ అంచున రెండు వరసల్లో టెంటకిల్స్ ఉంటే జోయాంథిడ్. ఇక్కడే ఈ లెన్స్ తన విలువ చూపిస్తుంది: జోయాంథిడ్లలో కాడలో ఇసుక రేణువులు పొదిగి కనిపిస్తే పాలితోవా రకం, లేకపోతే జోయాంథస్ రకం కావచ్చు. కొన్ని పాలితోవాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అందుకే గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఆ రాయి ముట్టుకోవద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించవద్దు.

గోధుమరంగులో, అద్దంలా పారదర్శకంగా ఉన్నదాన్ని చూసి ఐప్టేసియా (ట్యాంక్ నిండా పాకిపోయే బెడద అనీమోన్) అని కంగారు పడేముందు ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తాకండి. ముడుచుకున్నాక బండిచక్రం ఆకుల్లా తెల్లటి గోడలున్న గట్టి గిన్నె బయటపడితే అది రాతి కోరల్. ఏమీ మిగలకుండా కన్నంలోకి జారిపోతే అనుమానం నిజమే. దాన్ని నలపకండి, తెగిన ముక్కల నుంచి కొత్తవి పుడతాయి.

ఆరెంజ్ ఫిల్టర్ నీలి కాంతిని అడ్డుకుని ఫొటోకి అందం తెస్తుంది గానీ, గుర్తింపుకి తెల్ల లైట్ పెంచి, ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటోయే కావాలి. పక్కన స్కేలు కూడా పడాలి. అయితే గది చీకటి చేసి నీలి లైట్ కింద వెతికితే, ఈ ఫిల్టర్‌లోంచి 1–2 మిల్లీమీటర్ల పసి కోరల్స్ కూడా చుక్కల్లా మెరుస్తాయి. అందుకు ఇది బాగుంది.

జాతి పేరు దాకా వెళ్లాలనుకుంటే మాత్రం నిరాశే. అక్రోపోరా, మాంటిపోరా లాంటి రాతి కోరల్స్‌లో జాతి తేల్చడానికి శుభ్రం చేసిన అస్థిపంజరాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి. పెద్ద లోపం క్లిప్‌దే: లావు కేస్ ఉన్న ఫోన్ మీద జారుతుంది, ఉప్పు నీటి తుంపర పడితే స్ప్రింగ్ తుప్పు పడుతుంది. వాడిన ప్రతిసారీ మంచినీటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.