పంగిడి కంకర అన్న మాటకే డబ్బు ఇచ్చేయకండి

తణుకు, నిడదవోలు వైపు ఇల్లు కట్టుకుంటున్నవారు దయచేసి ఇది చదవండి. శ్లాబు కోసం తెప్పించిన ఆరు యూనిట్ల ముప్పావు అంగుళం కంకర ఈ ఉదయం మా మేస్త్రీ పిడికిట్లో పొడి అయింది. 27,000 రూపాయలు ముందే ఇచ్చేశాను. అమ్మినతను ఎవరో మా వైపు వారికి చెప్పనక్కరలేదు. పేరు రాయను.

మన డెల్టాలో ఎంత లోతు తవ్వినా ఒండ్రు మట్టే. రాయి కావాలంటే కొవ్వూరు దాటి పంగిడి, గౌరీపట్నం గుట్టల దాకా వెళ్లాలి. బస్సు కిటికీలోంచి ఆ నల్ల గుట్టలు కనిపిస్తే రాజమహేంద్రవరం దగ్గరపడిందని చిన్నప్పుడు లేచి కూర్చునేవాళ్లం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు పొంగిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చి ఇక్కడ గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. నది అవతల కాతేరులో ఉన్నదీ ఈ రాయే. లావా పొరల నడుమ గుల్లల శిలాజాలున్న సున్నపురాయి కూడా ఉంది. సాంఘిక శాస్త్రం చెప్పిన రోజుల్లో ఏటా పిల్లలను అక్కడికి తీసుకెళ్లి అవన్నీ చేతికిచ్చి చూపించేవాడిని.

అమ్మినతను ఆ పిల్లల్లో ఒకడు. అందుకే బేరం ఆడలేదు, క్వారీ రసీదు అడగలేదు. లారీలు రాత్రి పదకొండు గంటలకు వచ్చాయి. ‘పగలు దారిలో ఆపుతున్నారు మాస్టారూ’ అన్నాడు, నమ్మాను. చీకట్లో రెండు లారీలూ దింపేసి వెళ్లిపోయారు.

తెల్లవారి చూస్తే రాశి సగం గోధుమ రంగు. నీళ్లు చల్లితే ఎర్రటి బురద కారింది. వెంటనే ఫోన్ చేశాను. అతను తడుముకోలేదు, క్షమించమనీ అనలేదు. ‘ఆ కొండ రాయే మాస్టారూ. కొండంతా ఒకే లావా అని మాకు చెప్పింది మీరే కదా’ అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు. నేను ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. లావా పొరలో నడిమి భాగమే బిగువుగా, నీలం కలిసిన నలుపులో ఉంటుందని, పై భాగమంతా గాలి బుడగల బెజ్జాలతో, వాటిలో తెల్లటి ఖనిజాలతో ఉండి ఏళ్ల తరబడి వానకు నాని మట్టి అయిపోతుందని చెప్పాను. రెండు రాళ్లూ పక్కపక్కన పెట్టి సుత్తితో కొట్టి చూపించాను. గట్టి రాయి ఖంగుమంటుంది, కుళ్లినది చప్పగా మోగుతుంది. ఆ రోజు సుత్తి అందించింది ఈ అబ్బాయే. తెలిసి, ఏరి, ఆ పైపొర రాయినే నా ఇంటికి పంపాడు. అంతమందికి తేడా నేర్పిన నేను లారీ ఎక్కి ఒక్క రాయి చేతిలోకి తీసుకోలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఇది శ్లాబులో పడి ఉంటే ఏమయ్యేదో మేస్త్రీ చెబుతుంటే మా ఇంట్లోవాళ్లు వినలేకపోయారు. రాళ్లకు అంటిన మట్టి సిమెంటును పట్టుకోనివ్వదు. రేపటి పని ఆపేశాం.

కొనేవారు పగలే దింపించుకోండి. నాలుగు రాళ్లు రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే కొట్టి చూడండి. లారీ తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు మీరే టేపుతో కొలవండి, యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. ఏ క్వారీ నుంచి వచ్చిందో రవాణా పత్రం చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.

రాశి ఇంకా మా గుమ్మం ముందే ఉంది, తీయించలేదు. అతని దగ్గర కొనాలనుకుంటున్నవారు ముందు వచ్చి చూడండి. సుత్తి రాశి పక్కనే పెట్టాను.