వేక్ దారా, ఎలిమిమియన్ దారా: సీఎఫ్‌ఎల్ డిఫెండర్‌కి ఏది మేలు?

సీఎఫ్‌ఎల్ (కెనడా ఫుట్‌బాల్ లీగ్, అమెరికన్ ఫుట్‌బాల్ లాంటి ఆట) సీజన్ అయిపోయిందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ: ఫలానా డిఫెండర్ అదరగొట్టాడు కదా, ఇంకా కెనడాలో ఎందుకు, అమెరికా పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోవచ్చుగా అని. అందరూ డబ్బు లెక్కలు తీస్తారు. నేను మాత్రం ముందు అడిగేది, అతను మైదానంలో ఎక్కడ నిలబడతాడు అని.

వాంకూవర్ జట్టు బీసీ లయన్స్‌లోనే రెండు దారులూ కనిపిస్తాయి. లైన్ అంచు (ఎడ్జ్) నుంచి దూసుకెళ్ళే కామెరాన్ వేక్‌ని 2005లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, తర్వాత జెయింట్స్ జట్టు తీసుకుని వదిలేసింది. 2007లో వాంకూవర్ వచ్చి 16 శాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసిరేలోపే పడగొట్టడం), మరుసటేడు 23, రెండేళ్ళూ లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ అతనే. 2009లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు మయామీకి వెళ్ళాడు, ఐదుసార్లు ప్రో బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి ఆటగాళ్ళ మ్యాచ్)కి ఎంపిక, అక్కడ మొత్తం 100.5 శాక్‌లు. సోలమన్ ఎలిమిమియన్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు. 2010లో వచ్చాడు, పేరంతా కెనడాలోనే. 2014లో 143 టాకిల్స్ (బంతి పట్టినవాడిని పడగొట్టడం) చేసి లీగ్ మొత్తానికే ఉత్తమ ఆటగాడయ్యాడు, కేవలం డిఫెన్స్ ఆడేవాడికి ఆ అవార్డు రావడం అదే మొదలు.

కెనడాలో డిఫెన్స్ లైన్ బంతికి ఒక గజం వెనక నిలబడాలి. ఆ గజం దాటేలోపు క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే అవతలి లైన్‌మన్ కాళ్ళు సర్దుకుని, చేతులు చాచి రెడీగా ఉంటాడు. అలాంటి చోట 23 శాక్‌లు కొట్టినవాడిని తీసుకెళ్ళి అమెరికాలో బంతి పక్కనే నిలబెడితే, ఆ గజం అతనికి ఊరికే కలిసొచ్చినట్టే. లైన్‌బ్యాకర్‌కి సరిగ్గా తిరగబడుతుంది. ఇక్కడ, అంటే కెనడాలో, మైదానం వెడల్పు 65 గజాలు, అక్కడ అమెరికాలో 53 చిల్లర, ఇక్కడ మూడే డౌన్లు (పది గజాలు ముందుకెళ్ళడానికి దొరికే ప్రయత్నాలు), అక్కడ నాలుగు, కాబట్టి ఇక్కడ పాస్‌లు ఎక్కువ, పాస్ అందుకునే రిసీవర్లేమో స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందే పరుగెత్తుకుంటూ వస్తారు. ఆరడుగుల మనిషికి వేగమూ, ఆట చదివే తెలివీ ఉంటే ఇక్కడ రాజు, అదే మనిషి అమెరికాలో ఇరుకు మైదానంలో తనకన్నా ముప్పై నలభై కిలోలు బరువున్నవాళ్ళతో కుస్తీ పట్టాలి.

గాయమైతే ఏంటి గతి అంటారు. 2015లో ఇద్దరికీ మడమ పైన ఉండే అకిలీస్ నరం తెగింది, నమ్మండి, అదే ఏడాది. 2016లో వేక్ 11.5 శాక్‌లు చేశాడు, ఎలిమిమియన్ మళ్ళీ ఉత్తమ డిఫెండర్. కాబట్టి ఆ లెక్క తేలదు.

డబ్బుకి పోటీయే లేదు, 2023లో కనీస జీతం ఇక్కడ 70,000 కెనడా డాలర్లు, అక్కడ 7.5 లక్షల అమెరికా డాలర్లు. పైగా కోవిడ్‌కి 2020 సీజన్ మొత్తం ఇక్కడ రద్దయింది, అక్కడ ఆడారు. లైన్‌బ్యాకర్ అయ్యుండి వెళ్ళి నిలబడినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, సీఎఫ్‌ఎల్ జట్టు కాల్గరీ నుంచి వెళ్ళిన అలెక్స్ సింగిల్టన్. కానీ ఒక్క సింగిల్టన్‌ని చూపించి అందర్నీ పంపించలేం. పోనీ అమెరికాలో వసంతకాలంలో ఆడే వేరే లీగులా? వాటిలో ఒకటైన ఎక్స్‌ఎఫ్‌ఎల్ 2020లో మధ్యలోనే ఆగిపోయింది, వదిలెయ్యండి.

ఎడ్జ్ మీద నుంచి దూకేవాడైతే ఫోన్ రాగానే బ్యాగ్ సర్దుకోమంటాను. లైన్‌బ్యాకర్ అయితే ఉండిపొమ్మంటాను, నిజానికి నాకు ఎలిమిమియన్ దారే ఇష్టం, అది దాచను. 2027 నుంచి ఇక్కడి మైదానం పొడవు 110 నుంచి 100 గజాలకి తగ్గిస్తామన్నారు కదా, అప్పుడూ ఇదే మాటా అని నిన్న ఒకాయన అడిగాడు. వెడల్పు ముట్టుకోవట్లేదు, కాబట్టి ఇదే మాట.